పరీక్షించే పెట్టెకూ పరీక్ష కావాలి



ఈ పేజీలో నేను మామూలుగా బాలింతల తిండి గురించో, షుగరు ఉన్నవారి పాదాల సంరక్షణ గురించో రాస్తుంటాను. ఈసారి చింతగింజంత ఉండే ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాను. దాని పేరు క్రిస్టల్. మీ చేతి గడియారంలో ఉంది, బీపీ మిషనులో ఉంది, మీ జేబులోని ఫోనులో ఉంది. అది సరిగా ఉన్నంతకాలం దాని ఊసే మనకు తెలియదు. 2016 మే నెలలో మన ఆసుపత్రిలో అలాంటి క్రిస్టల్ ఒకటి పాడైంది. దానివల్ల మంచి మిషన్లు మూలన పడ్డాయి, ఏ తప్పూ చేయని ఒక సిస్టర్ మాట పడింది, ఒక బాలింత రాత్రంతా మిషను లేకుండా గడిపింది. ఆ తప్పులో నా భాగం కూడా ఉంది. అందుకే నేనే రాయాలి.

గుండె పెట్టె

మంచం పక్కన గుండె కొట్టుకునే తీరును గీతగా చూపే మిషనును మానిటర్ అంటాం. రోగి ఛాతీకి అతికించిన వైర్ల ద్వారా అది గుండె కొట్టుకోవడాన్ని పట్టి, నిమిషానికి ఎన్నిసార్లో అంకె చూపిస్తుంది. గుండె ఆగితే అలారం మోగిస్తుంది. ఈ మానిటర్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి. అందుకు ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని సిమ్యులేటర్ అంటారు. మా సిస్టర్లు మాత్రం ‘గుండె పెట్టె’ అంటారు. మనిషి గుండె నుంచి వచ్చేలాంటి సన్నని విద్యుత్తును అది తయారు చేసి ఇస్తుంది. పెట్టె మీద 60 అని పెడితే మానిటర్ 60 చూపాలి, 120 అని పెడితే 120 చూపాలి. చూపకపోతే మానిటర్‌లో లోపం ఉన్నట్టు. కొలతబద్ద లాంటిది అన్నమాట.

మన పెట్టె పాతది, బ్యాటరీతో నడిచేది. దాని మీద ఒక ఎర్ర లైటు ఉంటుంది. ఒక్కో కొట్టుడుకు ఒక్కసారి వెలిగి ఆరుతుంది.

ఆ మే నెలలో పట్నం నుంచి టెక్నీషియన్ అబ్బాయి వచ్చి ఆరు మానిటర్లనూ పరీక్షించాడు. పొద్దున ఆపరేషన్ థియేటర్‌లోవి, ఐసీయూలోవి మూడు చూశాడు. అన్నీ బాగున్నాయి. భోజనం తరువాత కాన్పుల వార్డులోవి, జనరల్ వార్డులోవి మూడు చూశాడు. మూడూ తప్పాయి. కాసేపు 60 చూపించి, ఉన్నట్టుండి గీత చదునైపోయి, గుండె ఆగిందని అలారం మోగింది. కొన్ని సెకన్ల తరువాత మళ్లీ మామూలు. అతను కేబుల్ పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఒకసారి గీత తిరిగి వచ్చింది. “లోపల వైరు తెగినట్టుంది మేడమ్. సిస్టర్లు లాగి లాగి వాడతారు కదా” అన్నాడు. మూడింటికీ ‘వాడరాదు’ అని ఎర్ర చీటీలు కట్టి, కొత్త కేబుళ్లకు, అవసరమైతే లోపలి బోర్డులకు కొటేషన్ పంపుతానని వెళ్లాడు.

అప్పుడు అక్కడ కాన్పుల వార్డు చిన్న సిస్టర్ నిలబడి ఉంది. డ్యూటీలో చేరి ఏడాది కాలేదు. మెల్లగా ఒక మాట అంది: “మేడమ్, గీత ఆగినప్పుడు పెట్టె మీద లైటు కూడా ఆగిందండి.”

నేను వినిపించుకోలేదు. “పెట్టె తప్పు చెప్పదమ్మా, అది పరీక్ష చేసేది. ముందు మీరు కేబుళ్లు జాగ్రత్తగా చుట్టిపెట్టడం నేర్చుకోండి” అన్నాను. అందరి ముందూ అన్నాను. మరునాడు మెమో కూడా ఇచ్చాను.

మిషను లేని రాత్రి

మెమో ఇచ్చిన రోజు రాత్రే తొలి చూలు అమ్మాయి ఒకరు వచ్చారు. బీపీ 160/110. కాళ్లకు, ముఖానికి నీరు, తలనొప్పి, కళ్లు మసకలు. ఇలాంటివారికి ఫిట్లు వచ్చే ప్రమాదం ఉంటుంది. పల్లెల్లో దీన్నే గుర్రపువాతం అంటారు. డాక్టరమ్మగారు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఫిట్లు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు.

ఈ మందు ప్రాణం కాపాడే మందు. కానీ ఒంట్లో ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. అందుకే వాడేటప్పుడు మూడు చూస్తూ ఉండాలి. నిమిషానికి ఊపిరి 16కు తగ్గకూడదు. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరాలి. మూత్రం గంటకు 30 మి.లీ.కు తగ్గకూడదు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే ఉంచాలి.

కాన్పుల వార్డు మానిటర్ ఎర్ర చీటీతో స్టోరులో ఉంది. ఐసీయూలో మంచాలు ఖాళీ లేవు. నైట్ డ్యూటీ ఆ చిన్న సిస్టర్‌దే. ఆ పిల్ల కుర్చీ మంచం పక్కకు లాక్కుని, చేతి గడియారం చూస్తూ రాత్రంతా నాడి, ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. తెల్లవారుజామున మూడింటికి ఊపిరి 14 వచ్చింది. మళ్లీ పూర్తి నిమిషం లెక్కపెట్టింది, మళ్లీ 14. మోకాలు తడితే కాలు సరిగా ఎగరలేదు. వెంటనే మందు ఆపి డాక్టరమ్మగారిని లేపింది. డాక్టరమ్మగారు వచ్చి చూసి, తదుపరి మందు నిలిపి, చేయవలసినవి చేశారు. తెల్లారేసరికి ఊపిరి 18కి వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం.

పొద్దున డ్యూటీ పుస్తకంలో ఆ రాత్రి రాతలు చదివాను. పావుగంటకొకసారి నాడి, ఊపిరి. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఇంత జాగ్రత్తగా ఉండే పిల్ల కేబుళ్లు తెంపేస్తుందా అని అప్పుడు మొదటిసారి అనుమానం కలిగింది. మొన్న అది చెప్పిన లైటు మాట గుర్తుకొచ్చింది.

నా మీదే పరీక్ష

ఆ మధ్యాహ్నం స్టోరు గది తలుపు వేసుకుని, ఎర్ర చీటీ ఉన్న మానిటర్ వైర్లు మూడూ నా ఛాతీకే అతికించుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు చూశాను. మధ్యలో నాడి పట్టుకుని గడియారంతో లెక్కపెట్టాను. నా చేతికి 80 వచ్చింది, మిషను 79, 80, 81 చూపింది. ఒక్కసారి కూడా గీత చదును కాలేదు. కేబుల్ కదిపాను, వంచాను. ఏమీ కాలేదు.

తరువాత అవే వైర్లు గుండె పెట్టెకు తగిలించాను. ఆరో నిమిషంలో గీత చదునై అలారం మోగింది. ఈసారి మానిటర్ వంక చూడలేదు, పెట్టె వంక చూశాను. ఎర్ర లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. కొట్టుకోవడం లేదు. సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం.

ఇంకొకటి మిగిలింది. పొద్దున పరీక్షలో ‘బాగుంది’ అనిపించుకున్న ఐసీయూ మానిటర్ ఒకటి ఖాళీ అయ్యేవరకు ఆగి, దానికీ పెట్టె తగిలించాను. అదీ ఆగింది. మనిషికి పెడితే ఏ మానిటరూ తప్పడం లేదు, పెట్టెకు పెడితే అన్నీ తప్పుతున్నాయి. మరి ఆ రోజు పొద్దున మూడు ఎందుకు బాగున్నాయి? మాకెవరికీ తట్టని సంగతి అదే. పొద్దున చల్లగా ఉంది. మధ్యాహ్నం కరెంటు పోయి గది కొలిమిలా ఉంది.

పెద్దాయన సాయం

మన సంఘంలో ఆకాశవాణిలో ట్రాన్స్‌మిటర్ దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. నేను బాబాయి గారు అంటాను. సంగతి చెబితే, శనివారం తన పాత ఆసిలోస్కోప్ సంచిలో పెట్టుకుని వచ్చారు. కరెంటు తరంగాన్ని తెర మీద గీతగా చూపే మిషను అది. మన మానిటర్‌కు అన్నయ్య లాంటిదనుకోండి.

పెట్టె విప్పగానే వెండి రంగు చిన్న డబ్బీ చూపించారు. దాని మీద 4.000 అని ఉంది. “ఇదమ్మా దీని గుండె. దీని లోపల క్వార్ట్జ్ రాతి పలక ఉంటుంది. సెకనుకు 40 లక్షల సార్లు కంపిస్తుంది. పక్కనున్న చిప్ వాటిని లెక్కపెట్టి, సెకనుకు ఒక్క కొట్టుడు బయటికి పంపుతుంది. ఇది ఆగితే అంతా ఆగుతుంది” అన్నారు.

మన గుండె పైగదిలో కూడా ఇలాంటిదే ఒక చోటు ఉంది. సైనస్ నోడ్ అంటాం. అక్కడ పుట్టే సంకేతంతోనే గుండె మొత్తం తాళం తప్పకుండా కొట్టుకుంటుంది. పాటల బృందంలో తబలా వాయించే అబ్బాయి తడబడితే పాడేవాళ్లంతా తడబడినట్టే, ఇది తడబడితే గుండె తడబడుతుంది.

క్వార్ట్జ్‌కు ఒక గుణం ఉంది. నొక్కితే దానిలో కొద్దిగా విద్యుత్తు పుడుతుంది. విద్యుత్తు ఇస్తే అది కొద్దిగా వంగుతుంది. నొక్కితే విద్యుత్తు పుట్టే గుణాన్ని 1880లో ఫ్రాన్స్‌లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. పియరీ అంటే మేడమ్ క్యూరీ భర్త. 1920ల మొదట్లో అమెరికాలో వాల్టర్ కేడీ దీనితో నిలకడగా కంపించే సర్క్యూట్ చేశారు. 1927లో బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టన్ అనేవారు మొదటి క్వార్ట్జ్ గడియారం చేశారు. అది చేతికి పెట్టుకునేంత చిన్నదిగా జపానులో అమ్మకానికి వచ్చింది 1969 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున.

మన చేతి గడియారాల్లోని క్వార్ట్జ్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను సగం, అందులో సగం అంటూ పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. అదే ఒక సెకను. మామూలు గడియారం రోజుకు రెండు సెకన్లు కూడా తప్పదు. మన ఎండాకాలంలో 45 డిగ్రీల వేడిలో పెడితే రోజుకు సుమారు ఒక సెకను వెనకబడుతుంది, అంతే. ఆ రాత్రి బాలింతను కాపాడిన చేతి గడియారంలో ఉన్నదీ క్వార్ట్జే. మమ్మల్ని తప్పుదారి పట్టించిన పెట్టెలో ఉన్నదీ క్వార్ట్జే. ఒకటి ఆరోగ్యంగా ఉంది, ఇంకొకటి జబ్బుపడింది.

జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం

బాబాయి గారు వెతికిన పద్ధతి చూస్తే మంచి డాక్టరు రోగిని చూసినట్టే అనిపించింది.

మొదట బ్యాటరీ చూశారు. కొత్త బ్యాటరీ వేసినా అదే తప్పు. తరువాత భూతద్దంతో క్రిస్టల్ కాళ్ల దగ్గర సీసపు అతుకులు చూశారు. పగుళ్లు కనిపించలేదు. అయినా వేడి చేసి మళ్లీ అతికారు. అదే తప్పు. బోర్డు మీద డెల్టా గాలి తేమకు పేరుకున్న మురికిని బ్రష్షుతో శుభ్రం చేశారు. అదే తప్పు. క్రిస్టల్ పక్కన రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిని మార్చారు. అదే తప్పు. “అన్నీ ఒకేసారి మార్చేయవచ్చు కదండీ” అన్నాను. “మారిస్తే బాగవుతుందేమో కానీ ఏది పాడైందో తెలియదమ్మా. ఒక్కొక్కటే మార్చాలి, మార్చాక ఆగి చూడాలి. మీరు రోగికి ఒకేసారి నాలుగు కొత్త మందులిస్తే, దద్దుర్లొస్తే ఏ మందువల్ల వచ్చాయని చెబుతారు?” అన్నారు.

ఇంకో తమాషా జరిగింది. పెట్టె ఆగిపోయి ఉన్నప్పుడు ఆయన ఆసిలోస్కోప్ తీగను క్రిస్టల్ కాలికి తాకించగానే పెట్టె మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. తీస్తే కాసేపటికి ఆగింది. బాగైపోయిందేమో అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “కొలిచే తీగ కూడా సర్క్యూట్‌లో కొద్దిగా మార్పు తెస్తుంది. బలహీనమైన క్రిస్టల్ దానికే లేచి కూర్చుంటుంది, ఒక్కోసారి దానికే పడిపోతుంది కూడా. మనం తాకినందువల్ల వచ్చిన మార్పును నిజమనుకోకూడదు” అన్నారు. మాకు ఇది బాగా తెలిసిన సంగతే. ఇంట్లో బీపీ మామూలుగా ఉండి, ఆసుపత్రిలో డాక్టరును చూడగానే పెరిగేవాళ్లు ఎంతమంది లేరు! దాన్ని తెల్లకోటు బీపీ అంటాం. అందుకే ఆయన క్రిస్టల్‌ను తాకకుండా, చిప్ నుంచి బయటికి వచ్చే చోట తీగ పెట్టి చూశారు.

ఇక వేడి పరీక్ష. నర్సుల హాస్టల్ నుంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెప్పించి, దూరం నుంచి వెచ్చని గాలి ఇచ్చారు. రెండు నిమిషాల్లో తెర మీద అల సన్నబడి ఆగిపోయింది. డ్రయ్యర్ తీసేశాక, నేను స్పిరిట్ దూదితో క్రిస్టల్ డబ్బీని అద్దాను. ఇంజెక్షన్ ముందు మీ చేతికి చల్లగా తగిలేది అదే. చల్లబడగానే మళ్లీ కంపించసాగింది. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ అంతే. చివరికి అదే 4.000 అంకె ఉన్న కొత్త క్రిస్టల్ అతికారు. పది రూపాయలు కూడా లేదు దాని ఖరీదు. డ్రయ్యర్ ఎంతసేపు పట్టినా మళ్లీ ఆగలేదు.

పాత క్రిస్టల్‌ను ఆయన విడిగా ఒక చిన్న సర్క్యూట్‌లో పెట్టి పెన్సిల్‌తో తట్టారు. ఆగుతుంది, వస్తుంది. లోపలి పలకను పట్టి ఉంచే అతుకు ఎప్పుడో చిట్లి ఉంటుందని చెప్పారు. అప్పుడు స్టోరు వాచ్‌మన్ ఒప్పుకున్నాడు, సంక్రాంతి ముందు ఆ పెట్టె బల్ల మీద నుంచి పడిందట. తిడతారని చెప్పలేదట. ఇక్కడ తిట్టేది ఎవరో మీకు తెలుసు. చెబితే తిట్టు, చెప్పకపోతే గుట్టు అన్నట్టు నేను పని నడిపితే, ఎవరు మాత్రం నిజం చెబుతారు?

కొలతకు కొలత

పెట్టె బాగుపడింది. అయితే అది ఇప్పుడు సరిగా చెబుతోందని ఎలా తెలుస్తుంది? 60 అని పెట్టి ఒక నిమిషం లెక్కపెడతానన్నాను. “నిమిషానికి తెలియదమ్మా, చిన్న తప్పు అందులో దాక్కుంటుంది. పది నిమిషాలు లెక్కపెట్టు” అన్నారు. లెక్కపెట్టాను. సరిగ్గా 600.

“మరి నా గడియారం సరైనదని ఎలా?” అని నవ్వుతూ అడిగాను. “వార్తల ముందు రేడియోలో కూతలు వస్తాయి, వాటితో చూసుకో.” “రేడియోవాళ్లకు ఎలా తెలుసు?” “ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. మన దేశపు సమయాన్ని పరమాణు గడియారాలతో కాపాడేది వాళ్లే. మా రోజుల్లో మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం 837 దగ్గర కదలకుండా నిలబడిందంటే అక్కడా క్రిస్టలే. దాన్నీ మేము నమ్మి వదిలేయలేదు, కొలుస్తూనే ఉండేవాళ్లం.”

అంటే పెట్టెను కొలిచేందుకు గడియారం, గడియారాన్ని కొలిచేందుకు రేడియో, దానికి పైన ప్రయోగశాల. ఏ కొలతా తనంతట తాను సరైనది కాదు. తనకంటే మంచి కొలత ముందు నిలబడితేనే దానికి విలువ. మోషే ధర్మశాస్త్రంలోనూ, సామెతల గ్రంథంలోనూ తప్పుడు తూనికరాళ్ల గురించి ఎందుకంత గట్టిగా ఉందో ఆ రోజు కొత్తగా అర్థమైంది. తప్పుడు రాయితో తూచినవాడు తాను న్యాయంగానే తూచాననుకుంటాడు.

అంతటితో ఆగలేదు. బాబాయి గారి సలహా మీద పెట్టెను ప్రయోగశాలకు పంపి, సరిచూసి సర్టిఫికెట్ వచ్చాకే మళ్లీ వాడాం. అప్పటినుంచి ఏడాదికోసారి పంపుతున్నాం. మానిటర్ పరీక్షలో తప్పితే, ఎర్ర చీటీ కట్టే ముందు ఇంకో మానిటర్‌తో పెట్టెనూ, ఒక ఆరోగ్యవంతుడితో మానిటర్‌నూ చూడాలని నియమం పెట్టాం. కొత్త కేబుళ్ల కొటేషన్ నలభై వేలు దాటింది. ఆ డబ్బు మిగిలింది.

సోమవారం ఉదయం డ్యూటీ ముందు ప్రార్థనలో అందరి ముందూ ఆ చిన్న సిస్టర్‌కు క్షమాపణ చెప్పి, మెమో చింపేశాను. “నువ్వు చూసింది చెప్పావమ్మా, నేను వినలేదు” అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అందరి ముందూ అన్న మాటకు గదిలో పిలిచి క్షమాపణ చెబితే సరిపోదు. వాచ్‌మన్‌ను కూడా ఏమీ అనలేదు. ఏదైనా కింద పడితే రాసిపెట్టే పుస్తకం ఒకటి స్టోరులో పెట్టాం. రాసినవారిని ఎవరూ తిట్టకూడదన్నది మొదటి పేజీలో నా చేతితోనే రాశాను.

మీ ఇంట్లో మిషన్లు

ఇదంతా ఆసుపత్రి గొడవ అనుకోకండి. ఇప్పుడు చాలా ఇళ్లలో బీపీ మిషను, షుగరు మిషను, ఆక్సిజన్ చూసే క్లిప్పు ఉంటున్నాయి. వాటి అంకె చూసి మాత్రలు తగ్గించుకునేవారూ, పెంచుకునేవారూ ఉన్నారు. కాబట్టి ఈ మాటలు గుర్తుంచుకోండి.

బీపీ మిషను: ఏడాదికోసారి మా ఓపీకి తీసుకురండి. మా మిషనుతో పక్కపక్కన పెట్టి ఉచితంగా చూస్తాం. కొలిచే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. వీపు ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, చేయి గుండె ఎత్తులో పెట్టండి. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలవండి. పట్టీ చేతికి సరిపోయే సైజు కావాలి. చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది.

ఆక్సిజన్ క్లిప్పు: అది నాడి అంకె కూడా చూపిస్తుంది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్న పెద్దలకు 60 నుంచి 100 మధ్య ఉంటుంది. మీ లెక్కకూ క్లిప్పు అంకెకూ పొంతన లేకపోతే ఆక్సిజన్ అంకెను కూడా నమ్మకండి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా తప్పు చూపవచ్చు.

షుగరు మిషను: స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి, గడువు తేదీ చూడండి. చేయి కడుక్కుని, ఆరాక పొడవండి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే మామిడిపండు షుగరే వస్తుంది. మిషను సరిచూసే ద్రావణం దొరుకుతుంది, వాడండి.

బరువు మిషను: పది లీటర్ల నీళ్లు పది కిలోలు. ముందు మీరు ఒక్కరే ఎక్కి చూడండి. తరువాత ఖాళీ క్యాన్ పట్టుకుని, ఆ తరువాత అదే క్యాన్‌లో పది లీటర్ల నీళ్లు నింపి పట్టుకుని ఎక్కండి. చివరి రెండింటికీ తేడా పది కిలోలు రావాలి.

గోడ గడియారం: ఇన్సులిన్‌కు, మాత్రలకు వేళ చూసేది దానిలోనే. వెనకబడుతుంటే బ్యాటరీ మార్చండి.

ఏ మిషననూ మీరే విప్పకండి. మా పెట్టె బ్యాటరీతో నడిచేది, విప్పినవారు జీవితమంతా ఆ పని చేసినవారు. కరెంటుతో నడిచే మిషన్లు తీగ పీకేశాక కూడా షాక్ కొట్టగలవు. అలాగే వాటిని కింద పడేయకండి. పడితే పైకి ఏమీ కాకపోయినా సరిచూడకుండా వాడకండి.

అన్నిటికంటే ముఖ్యం, ముందు మనిషిని చూడండి. అంకె బాగున్నా ఆయాసం ఉంటే, చెమటలు పడుతుంటే, మాట తడబడుతుంటే ఆసుపత్రికి రండి. అంకె భయపెడుతున్నా మనిషి హాయిగా ఉంటే, కూర్చోబెట్టి మరొకసారి కొలవండి. అప్పుడూ అలాగే ఉంటే ఆలస్యం చేయకుండా రండి. ఇంట్లో చిన్న పిల్లో, ముసలమ్మో “ఇందులో ఏదో తేడాగా ఉంది” అంటే ఆ మాట తోసిపుచ్చకండి. వారు చూసింది మీరు చూసి ఉండకపోవచ్చు.

ఆ పాత క్రిస్టల్‌ను బాబాయి గారు నాకే ఇచ్చి వెళ్లారు. నా బల్ల సొరుగులో మెమో పుస్తకం పక్కనే ఉంచాను. మెమో రాయడానికి సొరుగు తెరిచిన ప్రతిసారీ అది నా చేతికి తగులుతుంది. ఎదురుగా ఉన్నవారిని ముందు కూర్చోమని, చెప్పేది మొత్తం వింటున్నాను.


మీ నర్సింగ్ సూపరింటెండెంట్